జపాను ఇంజను కొన్న లెక్కల మేస్టారు

ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా ఏ ఊళ్లోనైనా సరే, పాత ఆర్‌ఎక్స్ 100 అమ్మకానికి పెట్టినవాడి నోట ముందుగా వచ్చే మాట ఒకటే: “జపాన్ ఇంజనండి.” ఆ మాట లేని బండికి ఒక ధర, ఉన్న బండికి ఇంకో ధర. నేను రెండో ధర ఇచ్చి కొన్నవాణ్ణి. పైగా వృత్తికి లెక్కల మేస్టారిని.

లెక్క చూడండి. యమహా ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985 నవంబరులో మొదలైంది. ఎస్కార్ట్స్ కంపెనీ దాన్ని ఉత్తరప్రదేశ్‌లోని సూరజ్‌పూర్‌లో తయారు చేసేది. మొదటి అయిదు వేల బండ్లకి సరిపడా భాగాలు జపాను నుంచి విడివిడిగా పెట్టెల్లో దిగాయి, ఇక్కడ బిగించి అమ్మారు. ఆ తర్వాత ఒక్కో భాగమూ ఇక్కడే తయారవడం మొదలైంది. 1996లో బండే ఆగిపోయింది. అప్పట్లో దేశంలో నాలుగు వందల పైచిలుకు జిల్లాలు. ఆ అయిదు వేలూ అందరికీ సమానంగా పంచినా జిల్లాకి పన్నెండు బండ్లు. ముప్పై ఏళ్లలో గుద్దుకున్నవి, తుక్కుకి పోయినవి తీసేస్తే మిగిలేవెన్ని? మా రాజాం మెయిన్ రోడ్డు మీదే అంతకంటే ఎక్కువ జపాను ఇంజన్లు తిరుగుతున్నాయి. ఆరో తరగతి పిల్లలు చేసే భాగహారం ఇది. నాకు మాత్రం బండి కొన్న చాలా కాలానికి గానీ తట్టలేదు.

2014లో, నలభై దాటాక, కాలేజీ రోజుల్లో కొనలేకపోయిన బండి మీదకి మనసు మళ్లింది. అప్పటికి రాజాం శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది, విజయనగరంలో కలిసింది 2022లో. బ్రోకరు ఒకతను బండి తెచ్చి మా ఇంటి ముందు స్టాండేశాడు. కార్బురేటరు మీద ‘మికునీ’ అన్న అక్షరాలు చూపించి, “ఇంకేటి కావాలి మేస్టారూ సాక్ష్యం?” అన్నాడు. మికునీ జపాను కంపెనీయే. అయితే ఆ కంపెనీతో కలిసి చెన్నై దగ్గర యూకాల్ వాళ్లు ఇక్కడే కార్బురేటర్లు తయారు చేసేవారని నాకు తెలీదు. పోనీ, అది తెలియకపోతే తెలియలేదు. ఆర్‌సీలో తయారైన సంవత్సరం 1992 అని కనిపిస్తూనే ఉంది. నెంబరు ప్లేటు మీద ఏపీ 30 అనీ ఉంది. మోటారు వాహనాల చట్టం మారి ఈ తరహా నెంబర్లు వచ్చిందే 1989లో. నోరు తెరిచి అడిగాను కూడా. “బరంపురం బండి బావూ. ఇటొచ్చినాక కొత్త నెంబరిచ్చినారు, సమచ్చరం కూడా అప్పుడేసిందే” అన్నాడు. తల ఊపాను. ముప్పై వేల బండికి నలభై రెండు వేలు లెక్కపెట్టి ఇచ్చాను. పన్నెండు వేలు జపానుకి.

మా నాన్నగారు బతికుంటే నవ్వేవారు. ఆయన చిన్నతనంలో జపాను సరుకంటే తిరనాళ్లలో కొన్న రెండ్రోజులకి స్ప్రింగు ఊడిపోయే రేకు బొమ్మ. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన తొక్కింది రాజ్‌దూత్. అది అచ్చమైన స్వదేశీ అని ఆయన నమ్మకం. నిజానికి రాజ్‌దూత్ పోలండు వాళ్ల ఎస్‌హెచ్‌ఎల్ బండి నమూనా. 1961 నుంచి మైసూరులో తయారైన జావా చెకోస్లొవేకియాది. పోలీసు ఎస్సైల బుల్లెట్టు ఇంగ్లాండులోని రెడిచ్‌ది, 1955లో మద్రాసుకి వచ్చింది. రెడిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది, తిరువొత్తియూరులో మాత్రం పని ఆగలేదు. 1977 నుంచి మద్రాసు బుల్లెట్టే ఓడెక్కి ఇంగ్లాండు వెళ్లింది. అక్కడి కొనుగోలుదారుడు ‘ఇది అసలు ఇంగ్లీషు ఇంజనేనా’ అని అడిగి ఉంటే ఏం చెప్పేవారో!

రేకు బొమ్మల జపాను మోటారు సైకిళ్ల జపానుగా మారడం వెనక పెద్ద కథే ఉంది. 1950లో డెమింగ్ అనే అమెరికా గణాంక నిపుణుడు టోక్యో వెళ్లి అక్కడి ఇంజనీర్లకి, కంపెనీ పెద్దలకి పాఠాలు చెప్పాడు. తయారైన సరుకులో చెడ్డది ఏరి పారేయడం కాదు, చెడ్డది తయారయ్యే కారణాన్ని కొలతలతో పట్టుకోవాలన్నది ఆ పాఠం. వాళ్లు దాన్ని మనకంటే శ్రద్ధగా విన్నారు. 1959లో ఐల్ ఆఫ్ మాన్ పందెంలోకి హోండా బండ్లు దిగాయి, 1961కల్లా గెలిచాయి. 1980లలో హోసూరులో సుజుకీ, ధారూహేడాలో హీరో హోండా, బజాజ్‌తో కవాసాకీ, ఎస్కార్ట్స్‌తో యమహా కలిసి వచ్చేసరికి ‘జపాను’ అన్నది మా తరానికి మంత్రమైపోయింది. ఆ డెమింగ్ పేరు మీద జపాను వాళ్లిచ్చే బహుమతిని 1998లో చెన్నై సుందరం క్లేటన్, 2002లో హోసూరు టీవీఎస్ మోటార్ అందుకున్నాయి. ఇవన్నీ నేను బండి చెడిపోయాక, దాని మీద చిరాకుతో చదువుకున్న సంగతులు. కొనేటప్పుడు నాకు తెలిసింది సైలెన్సరు చప్పుడొక్కటే.

కొన్న కొన్నాళ్లకే పొగ ఎక్కువైంది, పికప్ తగ్గింది. రాజాంలో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే హెడ్డు, బ్లాకు విప్పి పిస్టన్ చేతిలో పెట్టాడు. దాని తల మీద 25 అని పొడిచి ఉంది. అంటే బ్లాకు అప్పటికే ఒకసారి బోరింగ్ అయి, పావు మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వేశారన్నమాట. క్రాంకు కూడా విప్పి కొత్త రాడ్ వేసిన గుర్తులున్నాయి. “జపాన్ ఇంజను కదా, చూసి చెయ్యి” అన్నాను. అతను నవ్వలేదు.

“ఇందులో జపానేటుంది మేస్టారూ? పిస్టన్ బజార్లో కొన్నది, రింగులు బజార్లో కొన్నవి. బేరింగులు మార్చీసినారు, సీళ్లు మార్చీసినారు. బోరింగు ఇజీనారంలో కొట్టినారు. కేసొక్కటే మిగిలింది, అది కూడా మనోళ్లు పోసిందే.”

ఆ మాట నాకు నచ్చలేదు. ఇప్పుడు తల్చుకుంటే, నా బండి గురించి నాకెవరైనా చెప్పిన మొదటి నిజం అదే. టూ స్ట్రోక్ ఇంజనులో కీలకమైన చోటు సిలిండరు గోడకీ పిస్టనుకీ మధ్య ఉండే సందు. దాన్ని మిల్లీమీటరులో వందో వంతుల్లో కొలుస్తారు. మూడు నాలుగు వందో వంతులు, అంటే తల వెంట్రుక మందం కూడా ఉండదు. సిలిండరు గోడ నున్నగా అద్దంలా ఉండకూడదు, హోనింగు రాయితో సన్నని అడ్డగీతలు పడాలి. ఆ గీతల్లో ఆయిలు నిలిస్తేనే రింగులు గోడకి సర్దుకుంటాయి. నా బండిలో ఆ సందు పెట్టింది, ఆ గీతలు గీసింది జపానూ కాదు, సూరజ్‌పూరూ కాదు. విజయనగరంలో ఒక బోరింగ్ షాపు. సంబంధం చూడబోయి ఇంటిపేరు అడిగి లేచొచ్చేసినట్టు, నేను ఇంజను పుట్టిన ఊరు అడిగాను గానీ తర్వాత అది ఎవరెవరి చేతుల్లో పడిందో అడగలేదు.

బ్లాకు మళ్లీ బస్సెక్కి విజయనగరం వెళ్లొచ్చింది. 0.50 పిస్టన్ పడింది. బండి ఇస్తూ మెకానిక్ మూడు మాటలు చెప్పాడు. అయిదొందల కిలోమీటర్ల దాకా నలభై స్పీడు దాటొద్దు. పొద్దున్న స్టార్ట్ చేశాక ఇంజను వేడెక్కేదాకా ఆగాలి. ఎక్కడా ఫుల్ రైజ్ చెయ్యకూడదు. నేను సరేనన్నాను. పిల్లలు హోంవర్కుకి సరేనన్నట్టే అన్నానని నాకే తెలుసు.

సంక్రాంతి ముందు రోజులు. తెల్లవారుజాము మంచు. విజయనగరంలో చుట్టాలింటికి మేనల్లుణ్ణి వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాను. కిక్కు కొట్టిన నిమిషంలోపే గేరు వేశాను. చీపురుపల్లి దాటాక రోడ్డు ఖాళీగా కనపడింది. “మావయ్యా, ఎంత లాగుతాదో చూద్దామా?” అన్నాడు వాడు. వాడు అడక్కపోయినా నేను చూసేవాణ్ణే. స్పీడోమీటరు ముల్లు ఎనభై దగ్గర వణుకుతుండగా ఇంజను గొంతు ఒక్కసారి మూగబోయింది, వెనక చక్రం బిగుసుకుపోయింది, బండి జరజరా జారింది. చెయ్యి దానంతటదే క్లచ్ నొక్కింది కాబట్టి ఇద్దరం పడకుండా బయటపడ్డాం. గరివిడి ఫెర్రో అల్లాయిస్ ఫ్యాక్టరీ ఇవతల బండి నెట్టుకుంటూ నడిచాం. ఆ పరిసరాల్లో కోడూరు, గర్భాం గనుల నుంచి మాంగనీసు తవ్వకం 1890ల నుంచీ ఉంది. ఉక్కుకి గట్టిదనమిచ్చే లోహం అది. దాని పక్కనే నా ఉక్కు బిగుసుకుపోయింది.

ఇంతవరకూ జరిగింది తొందరపాటు. ఆ తర్వాత చేసిందే అసలు తప్పు. స్టాఫ్ రూములో, టీ కొట్టులో, సంతలో కనిపించిన ప్రతివాడితోనూ “జపాను ఇంజనుని నాశనం చేశాడు” అని మెకానిక్ గురించి చెప్పాను. పేరు పెట్టి చెప్పాను. ఊళ్లో మేస్టారి మాటకి విలువుంటుంది. బోరింగు పనికి అతని దగ్గరికి వెళ్లబోయిన ఒకాయన నా మాట విని పాలకొండ వెళ్లిపోయాడని తర్వాత తెలిసింది. మెకానిక్ మాత్రం వాదించలేదు. “బ్లాకు తీద్దాం, మీరూ రండి మేస్టారూ, ఇజీనారం ఎల్దాం” అన్నాడు.

బోరింగ్ షాపు పెద్దాయన పిస్టన్‌ని కిటికీ వెలుగులో తిప్పి చూపించాడు. నాలుగు మూలలా గీసుకుపోయిన మచ్చలు. పిస్టన్ నిండు గుండ్రం కాదట, కొంచెం కోలగా తీరుస్తారట. వేడి ఒక్కసారిగా తగిలితే పిన్ను బాసులకి అటూ ఇటూ నాలుగు చోట్ల అది గోడని పట్టేస్తుంది. ఆయిలు అందక పట్టేస్తే మచ్చలు ఇలా ఉండవు. నేను ఊరుకోలేదు. “సందు బిగువుగా పెడితే కూడా ఇలాగే అవుతుంది కదా?” అన్నాను. ప్రశ్న సరైనదే, ఆయనా ఒప్పుకున్నాడు. పొడుగాటి పద్దు పుస్తకం తీశాడు. ప్రతి బ్లాకుకీ తేదీ, పిస్టన్ కొలత, పెట్టిన సందు అందులో రాసుకుంటాడు. నా బండి లైను దగ్గర వేలు పెట్టాడు: నాలుగు వందో వంతులు. మచ్చ పడని చోట బోర్ గేజీ దింపి, మైక్రోమీటరుతో పిస్టన్ కొలిచి, ముల్లు నాకే చూడమన్నాడు. పుస్తకంలో ఉన్నదే అక్కడా ఉంది.

“అల్మీనం పిస్టన్ దబ్బున సాగుతాది, ఇనప స్లీవు నిదానంగా సాగుతాది. సలికాలం పొద్దున్న మీరు ఆగనేదు. పిస్టన్ ఆగమంటే ఆగుతాదేటి?” అన్నాడు.

అల్యూమినియం ఇనుము కంటే సుమారు రెట్టింపు వ్యాకోచిస్తుంది. మా పక్క గదిలో సైన్సు మేస్టారు ఏటా చెప్పే పాఠమే. గోడవతల నుంచి ఎన్నోసార్లు విన్నాను.

మెకానిక్‌కి అక్కడే క్షమాపణ చెప్పాను. టీ కొట్టులో కూడా చెప్పాలి కదా, వెళ్లి చెప్పాను. తప్పు నాదేనని, పని బాగా చేశాడని. మొదటి కథ చెవులు రిక్కించి విన్నవాళ్లలో సగం మంది రెండో కథ మధ్యలోనే పేపరు తిరగేసుకున్నారు. ఇప్పటికీ ఒకరిద్దరు నా బండిని అతనే పాడు చేశాడని చెప్పుకుంటారు. ఆ మాట వెనక్కి తీసుకోవడం నా వల్ల కాలేదు.

అయితే బోరింగ్ షాపు ఫ్యాక్టరీ కంటే గొప్పదని మాత్రం నేననను. ఆ పెద్దాయనే అనడు. “కంపెనీ మొదటి బోరు మనం పెట్టలేం బావూ” అంటాడు. అక్కడ సిలిండర్లని, పిస్టన్లని వందో వంతుల తేడాతో గుంపులుగా విడదీసి, దేనికి సరిపోయేది దానికి జత చేస్తారు. వెయ్యో ఇంజను కూడా మొదటి దానిలాగే వస్తుంది. ఇక్కడ ఆయన కళ్లద్దాల పవరు పెరిగినా, మధ్యలో కరెంటు పోయినా పని మీద ఆ గుర్తు పడుతుంది. పద్దు పుస్తకం ఆయన తనకి తానే పెట్టుకున్న కట్టుబాటు. అలాంటి పుస్తకం లేని షాపులు ఎన్నో ఉన్నాయి.

మా వీధి కుర్రాడొకడు ఐటీఐ చేసి చెన్నై దగ్గర ఒరగడం వైపు ఇంజన్ల ఫ్యాక్టరీలో చేరాడు. మా జిల్లాల కుర్రాళ్లు హోసూరు, ఒరగడం, శ్రీసిటీ, పుణె దగ్గర చాకన్ దాకా ఇలా వెళ్తూనే ఉంటారు. పండక్కి వచ్చినప్పుడు నా ఇంజను కథ వాడికి చెప్పి, మీ ఇంజన్లు అంత బాగా ఎలా వస్తాయిరా అని అడిగాను.

“నాకు ఇంజన్ గురించి తెల్దు మావా. నా నట్లు నాలుగు తెల్సు” అన్నాడు.

వాడి ముందుకి ఇంజను వస్తుంది. చేతిలో మిషను నాలుగు నట్లనీ ఇంత బిగువని చెప్పినంతే బిగిస్తుంది. ఒక్కటి తక్కువైనా దీపం ఎర్రగా వెలుగుతుంది, ఇంజను ముందుకి కదలదు. చివర్లో పెట్రోలు పొయ్యకుండానే మోటారుతో తిప్పి, లోపలి ఒత్తిడి ఎలా ఉందో కంప్యూటరు చూస్తుంది. వాడి పక్కన బీహారు కుర్రాడు, అవతల ఒడిశా కుర్రాడు. ఎవరూ మేధావులు కానక్కర్లేదు. ఎవరికి చిరాగ్గా ఉన్నా, జ్వరంగా ఉన్నా నట్టు బిగువు మారదు. నేను ‘జపాను’ అనుకుని పన్నెండు వేలిచ్చింది ఈ పద్ధతికన్నమాట. ఈ పద్ధతిని ఏ ఊళ్లో పెడితే ఆ ఊళ్లో ఇంజను బాగుంటుంది, ఎత్తేస్తే పోతుంది. బీఎండబ్ల్యూ జర్మనీ కంపెనీయే. దాని 310 బండ్లు హోసూరులో టీవీఎస్ తయారు చేస్తే యూరప్ వాళ్లు కొన్నారు. దాని ఎఫ్ 850 ఇంజన్లు చైనాలో లోన్‌సిన్ కంపెనీ నుంచి వచ్చాయి, అంతకుముందు ఎఫ్ 800 ఇంజన్లు ఆస్ట్రియా రోటాక్స్‌వి. కేటీఎం చిన్న డ్యూక్‌లు, ట్రయంఫ్ 400 బండ్లు చాకన్‌లోనే బజాజ్ చేతుల మీదుగా పుడుతున్నాయి.

ఈ వెలుగు నాకు కొంచెం ముందే కలిగి ఉంటే మా బావమరిది డబ్బులు మిగిలేవి. 2010 డిసెంబరులో హీరో, హోండా విడిపోతున్నాయని ప్రకటన వచ్చింది. 2011లో పేరు హీరో మోటోకార్ప్ అయింది. “హోండా పోయింది, ఇంక ఇంజనేముంటుంది?” అని ఊరంతా అంటుంటే ఆ గుంపులో నేనూ ఒకణ్ణి. కొత్త స్ప్లెండర్ కొనబోతున్న మా బావమరిదిని ఆపి, ట్యాంకు మీద హీరో హోండా అని రాసున్న సెకండ్ హ్యాండు బండే కొనమన్నాను. నా మాట విని పర్లాకిమిడి దాకా వెళ్లి వెతికి తెచ్చుకున్నాడు. దాని మీటరు ఎవరో వెనక్కి తిప్పారని టైమింగ్ చైను అరిచాక గానీ తెలియలేదు. నిజానికి ధారూహేడా, గురుగ్రామ్, హరిద్వార్ ఫ్యాక్టరీల్లో లైన్లు మారలేదు, పనివాళ్లు మారలేదు. హోండా సాంకేతికత వాడుకునే హక్కు కూడా హీరోకి 2014 దాకా ఉంది. సొంతంగా రూపొందించిన 110 సీసీ ఇంజను 2016లో వచ్చింది. ఇప్పుడు ఆ కంపెనీకి మన రాష్ట్రంలోనే, సత్యవేడు మండలం మాదనపాలెంలో ఫ్యాక్టరీ ఉంది. బావమరిది ఈ విషయం ఎత్తడు. మా ఆవిడ ఎత్తుతుంది.

ఇప్పుడు ఎవరైనా పాత బండి చూడమని పిలిస్తే ఇంజను, ఛాసిస్ నెంబర్లు ఆర్‌సీతో సరిచూస్తాను. చల్లటి ఇంజను మీదే కిక్కు కొట్టమంటాను. ముందే వేడి చేసి ఉంచితే మర్నాడు వస్తానంటాను. ఏ సైజు పిస్టన్ మీద నడుస్తోందో, బోరింగు ఎక్కడ కొట్టించారో, ఆ బిల్లు ఉందో లేదో అడుగుతాను. ఈ ప్రశ్నల వల్ల నాతో బండి బేరానికి రావడం చాలామంది మానేశారు.

నా ఆర్‌ఎక్స్ ఇంకా నా దగ్గరే ఉంది. సీజయ్యాక 0.75కి వెళ్లింది, ఈసారి రన్నింగ్ ఇన్ ఒక్క కిలోమీటరు తగ్గకుండా చేశాను. మళ్లీ ఈ మధ్య పొగ మొదలైంది. ఇంక 1.00 ఒక్క సైజే మిగిలింది, ఆ తర్వాత పాత స్లీవు తీసి కొత్తది దిగ్గొట్టాల్సిందే. బ్లాకు నేనే విజయనగరం పట్టుకెళ్లాను. కొత్త పిస్టన్ ఏ ఊరిదని అడగలేదు. నేర్చుకున్నవాణ్ణని తెలిసేలా, “ఈసారి సందు ఎంత పెడతారు? నాలుగేనా?” అన్నాను.

పెద్దాయన కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. “పిస్టన్ ఇంకా రానేదు కదేటి మేస్టారూ? వచ్చినాక కొలిసి సెప్తాను” అన్నాడు.